ధర చెప్పే హక్కు ఎవరిది?

 

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు ఉద్యోగాల్లో చేరతారు, కొందరు పై చదువులకు వెళతారు. ఇంకొందరు, ఈ ఏడు కాకపోయినా ఐదారేళ్లకైనా, ఇంటి నుంచే ఒక వ్యాపారం మొదలుపెడతారు. పచ్చళ్లు, పిండివంటలు, మగ్గం వర్క్, కేకులు, ట్యూషన్లు, చిన్న దుకాణాలకు లెక్కలు రాసిపెట్టడం, వెబ్‌సైట్లు తయారుచేయడం, ఇలా దారులు చాలా ఉన్నాయి. ఏ ఉద్యోగానికి వెళ్లాలో చెప్పడానికి కాలేజీలో ప్లేస్‌మెంట్ సెల్ ఉంటుంది. ఏ ఇంటి వ్యాపారం తనకు సరిపోతుందో తేల్చుకోవలసిన మనిషికి మాత్రం దొరికే సలహా ఒక్కటే: నీకు ఇష్టమైనది ఎంచుకో. ఆ సలహా తప్పని నేను అనను, అది చాలదంటాను. ఇష్టం గురించి ఆలోచించే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. నేను చేసినదానికి ధర ఎవరు చెబుతారు? ఆ హక్కు మీ చేతిలో ఉన్నంతవరకే అది మీ వ్యాపారం. అది చేజారితే, ఎంత ఇష్టంగా చేసినా, సొంత ఇంట్లో కూర్చుని ఇంకొకరికి కూలి చేస్తున్నట్టే.

ఈ పాఠం తెలుగు నేల మీద ఎప్పటినుంచో ఉంది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో వేలాది ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. తునికాకు తడిపి, అచ్చు పెట్టి కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, కొస మడుస్తారు. వేళ్లు ఎంత వేగంగా కదిలినా కూలి మాత్రం వెయ్యి బీడీలకు ఇంత అనే లెక్కే. ఆకు, తంబాకు ఇచ్చేది కంపెనీ తరఫు మనిషి. ఏ బీడీ పనికొస్తుందో, ఏది రాదో తేల్చేదీ అతనే. అయినా వారికి ఒక మేలు జరిగింది. 1966లో వచ్చిన చట్టం ఇంట్లో బీడీలు చుట్టేవారిని కూడా కార్మికులుగానే గుర్తించింది. గోదావరి డెల్టాలో, నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లిన ఆడవాళ్లకు ఆ మాత్రం గుర్తింపు కూడా దక్కలేదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ ఊళ్లలో పరిశోధన చేసి 1982లో ప్రచురించిన పుస్తకం మీ లైబ్రరీలో ఉంటే తప్పక చదవండి. అక్కడ లేసు పనిలో ఒకరు పువ్వు అల్లుతారు, ఇంకొకరు పువ్వులను కలుపుతారు. దారం ఏజెంటు తెచ్చిస్తాడు, సరుకు అతనే తీసుకుపోతాడు. ఆ లేసు విదేశాలకు ఓడలెక్కింది, ఎగుమతిదారులు సంపన్నులయ్యారు. గంటల తరబడి అల్లినవారిని మాత్రం తీరిక వేళ కాలక్షేపానికి అల్లుకునే గృహిణులని లోకం అనుకుంది. తీరిక వేళ పని అని పేరు పడ్డాక ఎంత తక్కువ ఇచ్చినా అడిగేవారుండరు. ఆ స్త్రీల నైపుణ్యంలో లోపం లేదు, శ్రమలో లోటు లేదు. కొనేవారి ముఖం వారికి తెలియదు, అంతే.

ఇదే రకం పనికి ఇంకో ముగింపు కూడా ఉంది. 1959లో ముంబైలోని గిర్‌గావ్‌లో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తీసుకుని అప్పడాలు మొదలుపెట్టారు. అదే ఇవాళ లిజ్జత్ పాపడ్. వానాకాలంలో అప్పడాలు ఆరక మొదటి ఏడాది నాలుగు నెలలు పని ఆపేయవలసి వచ్చింది. మరుసటి ఏడాది ఒక మంచం, ఒక పొయ్యి కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచి, కింద పొయ్యి వెలిగించి ఆరబెట్టారు. ఈ రోజు ఆ సంస్థలో 40,000కు పైగా మహిళలున్నారు. పొద్దున్నే శాఖకు వెళ్లి కలిపిన పిండి తీసుకుంటారు, ఇంట్లో ఒత్తుతారు, ఆరిన అప్పడాలు తిరిగి ఇచ్చి డబ్బు తీసుకుంటారు. పైకి చూస్తే బీడీ పనికీ దీనికీ తేడా కనిపించదు. ఇక్కడా ముడిసరుకు బయటి నుంచే వస్తుంది, ఇక్కడా చేసినదానికే కూలి. తేడా అంతా యాజమాన్యంలో ఉంది. అప్పడం ఒత్తే మనిషే సంస్థకు యజమాని. లాభమైనా నష్టమైనా సభ్యులందరిదీ. ధర చెప్పే హక్కు ఒక్కరి చేతిలోనే ఉండాలని లేదు, పదిమంది కలిసి పట్టుకున్నా నిలుస్తుందని ఆ ఏడుగురూ చూపించారు.

ఈ హక్కు విలువ ఎంతో చిన్న లెక్కలో చూద్దాం. కిలో సున్నుండలకు మినుములు, బెల్లం, నెయ్యి, గ్యాస్, ప్యాకింగ్ కలిపి 500 రూపాయలు అవుతుందనుకోండి. 650కి అమ్మితే 150 మిగులుతుంది. రోజుకు ఐదు కిలోలు చేస్తే 750. చూడడానికి బాగానే ఉంది. కానీ వేయించడం, విసరడం, ఉండలు కట్టడం, ఫోన్లకు జవాబు చెప్పడం, డెలివరీ అన్నీ కలిపి ఎనిమిది గంటల పని. గంటకు 80 రూపాయల చొప్పున మీ కూలి మీరే వేసుకుంటే 640 అక్కడికే పోతుంది. వ్యాపారానికి మిగిలేది 110. ఇప్పుడు అవే సున్నుండలను ఒక దుకాణంలో పెట్టి, వాళ్లడిగిన 20 శాతం కమిషన్‌కు ఒప్పుకున్నారనుకోండి. కిలోకు 130 చొప్పున ఐదు కిలోలకు 650 వాళ్లకు వెళుతుంది. ఎనిమిది గంటలు పొయ్యి దగ్గర నిలబడినందుకు మీకు దక్కేది 100 రూపాయలు. సరుకు అదే, చేయి అదే. ఇంట్లో పనే కదా అని తన శ్రమకు ధర కట్టని మనిషికి ఈ నష్టం కంటికి కూడా కనిపించదు. అందుకే పెట్టుబడి లెక్కలో మొదటి వరుసలో మీ కూలి రాయమంటున్నాను.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. అందరికీ అమ్మే నేర్పు ఉండదు, మధ్యవర్తి చేసేదీ ఒక పనే కదా అంటారు. నిజమే, అతని శ్రమకు ప్రతిఫలం ఇవ్వవలసిందే. ఒక్క దుకాణం తప్ప ఇంకో దారి లేని స్థితినే నేను వద్దంటున్నాను. సరుకులో సగమైనా నేరుగా కొనేవారికి చేరితే, మిగతా సగం గురించి దుకాణదారుతో సమానంగా కూర్చుని మాట్లాడగలరు. ఇంట్లో ఇబ్బందిగా ఉన్నప్పుడు వెంటనే చేతికొచ్చే కూలి పని మంచిది కాదా అని ఇంకొందరు అడుగుతారు. అవసరం పిలిచినప్పుడు చేయండి, అందులో తప్పేమీ లేదు. పని నేర్చుకోవడానికి అది మంచి బడి కూడా. అయితే ఎన్నాళ్లు చేస్తారో ముందే అనుకోండి, ఆ రోజుల్లోనే కొనేవారెవరో తెలుసుకోండి. ఇన్‌స్టాగ్రామ్, అమ్మకాల యాప్‌లు వచ్చాక ఈ బాధ ఎక్కడుంది అనేవారికి నా జవాబు ఒక్కటే. యాప్ కూడా మధ్యవర్తే. కొన్నవారి ఫోన్ నంబరు, ఎవరు మళ్లీ కొన్నారన్న వివరం మీ పుస్తకంలో ఉంటే ఆ యాప్ మీకు పనిముట్టు. అవి దాని దగ్గరే ఉండిపోతే, కమిషన్ పెంచిన రోజున మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

మరి ఇష్టానికి చోటెక్కడ? ఇష్టం ఉంటేనే చేయి తిరుగుతుంది, పదేళ్లు నిలబడే ఓపిక వస్తుంది. కానీ ధర చెప్పే హక్కు దొరికే పనుల్లోంచి మీకు తగినది ఏరుకోవడానికే అది పనికొస్తుంది. అక్కడ మీ డబ్బు, మీ వేళలు, మీ ఇల్లు కూడా మాట్లాడాలి. ఆవకాయకు వేసవిలో ఒక్కసారే కాయలు, కారం, ఆవపిండి, నువ్వుల నూనె కొనాలి, ఆ డబ్బు ఏడాది పొడవునా కొద్దికొద్దిగా తిరిగొస్తుంది. అప్పు చేసి, నెలనెలా వాయిదా కట్టవలసినవారికి అది బరువు. కర్రీ పాయింట్‌లో పొద్దున పెట్టిన డబ్బు రాత్రికి వస్తుంది, కానీ మిగిలిన కూర మర్నాటికి పనికిరాదు, సెలవన్నది ఉండదు. ట్యూషన్‌కు పెట్టుబడి దాదాపు లేదు, కానీ సాయంత్రాలన్నీ దానికే ఇవ్వాలి. చేతిలో డబ్బు లేనప్పుడు తక్కువకు అమ్మక తప్పదు. ఒప్పుకున్న వేళకు ఇవ్వలేనప్పుడు ధర అడగడానికి నోరు రాదు. కాబట్టి మీ పరిస్థితికి సరిపడని వ్యాపారం, ఎంత ఇష్టమైనదైనా, చివరికి ధర చెప్పే హక్కునే మీ దగ్గర నుంచి లాగేసుకుంటుంది.

ఇంటి పనికి పట్టా ఎందుకు అని మిమ్మల్ని ఎవరైనా అడగవచ్చు. లెక్క వేయడం, ఒప్పందం చదివి అర్థం చేసుకోవడం, నచ్చని షరతును కాదనడం నేర్పింది ఈ చదువే. లేసు అల్లిన తల్లులకు అందని బలం అదే. మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి: మొదట కొనబోయే ఇరవై మంది పేర్లు, ధర తేల్చేది ఎవరో, మీ గంటకు మీరు కట్టుకున్న కూలి. మూడూ నిజాయితీగా రాయగలిగితే ధైర్యంగా మొదలుపెట్టండి. రాయలేకపోతే, రాయగలిగేదాకా ఆగండి, మీలాంటి నలుగురిని కలుపుకోండి. రేపు మీకు పని పెరిగి, ఇరుగుపొరుగు ఆడవాళ్ల చేత చేయించుకునే రోజు వస్తే, వారి కూలిని కూడా మీ కూలి కట్టుకున్నంత శ్రద్ధగా కట్టండి. మీ శ్రమకు తగిన ధర అడిగే ధైర్యం, ఎదుటివారి శ్రమకు తగిన ధర ఇచ్చే మనసు మీకు రెండూ ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.