రోగులను లేవనెత్తు యంత్రములు



మన దేశమున నర్సింగుహోమనిన చిన్న ఆసుపత్రి యని యర్థము. బ్రిటను దేశమున నా మాట వేరు. తమ పనులు తాము చేసికొనలేని వృద్ధులును, పక్షవాతాది దీర్ఘవ్యాధులచే శయ్యనంటి యున్నవారును నర్సుల సంరక్షణలో నివసించు గృహమును అచ్చట నట్లు పిలుతురు. మన తెలుగువారును కొందరు అట్టి గృహములలో నర్సులుగను, పరిచారకులుగను పనిచేయుచున్నారు.

కదలలేని మనుష్యుని చేతులతో నెత్తుట యెంత కష్టమో యింట ముసలివారికి సేవచేసిన వారందరు నెరుగుదురు. ఎత్తువారి నడుము చెడును. ఎత్తబడువారి భుజము తొలగును. అందుచే నచ్చట హాయిస్టు అను యంత్రమును వాడుదురు. చక్రములుగల పీఠము, దానిపై నిలువు స్తంభము, స్తంభమునుండి ముందునకు చాచిన బాహువు, దాని కొనను కొక్కెములుగల అడ్డకమ్మి. ఆ కొక్కెములకు ఊయలవంటి గుడ్డను పట్టీలతో తగిలింతురు. ఈ గుడ్డకు స్లింగని పేరు. బ్యాటరీ బలముచే బాహువు లేచును. రోగి గాలిలో వ్రేలాడును.

1998 సంవత్సరపు బ్రిటిషు నిబంధనల ప్రకారము, మనుష్యులనెత్తు యంత్రములను, వాని స్లింగులను సామాన్యముగా ఆరు నెలలకొకసారి సమర్థుడైన పరీక్షకుడు చూడవలయును. మంచి నియమమే. కాని గోడకు వ్రేలాడు ఆ పత్రమును చూచి నిశ్చింతగా నుండువారిని జూచిన నాకు భయము కలుగును. ఉక్కు మెల్లగా నరుగును. గుడ్డ యొక్క ఉతుకుతోనే చెడవచ్చును. ఆరు నెలలలో నొక స్లింగు ఎన్నిసార్లు ఉదుకబడునో లెక్కింపుడు. చీటిలో వ్రాసినదానికి మించిన వేడినీట నుదికినను, బ్లీచింగు ద్రవము తగిలినను దారముల బలముడుగును. చూచుటకు మాత్రము క్రొత్తదానికంటె తెల్లగా నుండును!

కావున నెత్తు ప్రతిసారియు, ఎత్తువారే స్లింగును వెలుతురునకు బట్టి చూడవలయును. కుట్లను వ్రేళ్లతో తడిమి, పట్టీల మొదళ్లను లాగి, పోగులు లేచినవేమో కనిపెట్టవలయును. కొలతయు బరువును తెలుపు చీటి చెరిగిపోయినచో, గుడ్డ యెంత గట్టిగా నున్నను వాడరాదు. యంత్రముపై 200 కిలోలనియు, స్లింగుపై 160 కిలోలనియు నున్నచో 160 యే హద్దు. ఒక నిర్మాత స్లింగును వేరొకని యంత్రమునకు అది సరిపోవునని రూఢియగువరకు తగిలింపరాదు. కొక్కెముమీది రక్షణనాలుక విరిగినచో పట్టీ జారిపోవచ్చును. అది మిక్కిలి చిన్న భాగమగుటచే నెవరును గమనింపరు.

రాత్రి చార్జింగునకు పెట్టుట మరచిన యంత్రము తెల్లవారుజామున రోగిని సగమెత్తి నిలిచిపోవును. అట్టి సమయమున క్రిందికి దింపుటకు వేరొక మీట యుండును. అది యెచ్చట నున్నదో రోగి పైనుండగా వెదకుకొనుట తగదు. ఖాళీ యంత్రముపై ముందుగనే పరీక్షించి యుండవలయును. చక్రములకు చుట్టుకొన్న వెండ్రుకలను, దారములను తీసివేయవలయును. బ్రేకుల విషయమున క్రొత్తవారు తరచు పొరపడుదురు. చాల యంత్రములకు ఎత్తునపుడు బ్రేకులు వదలియుంచుడని నిర్మాతలే చెప్పుదురు. బరువు పడుకొలది యంత్రము తానే సరియైన చోటికి జరుగవలయును గదా. నిర్మాత పుస్తకము నడిగి తెలిసికొనుట మేలు.

రోగిని రెండు మూడంగుళములెత్తి ఆగుడు. పట్టీలన్నియు సమముగా బిగిసినవా? మనిషి ఒక ప్రక్కకు ఒరిగెనా? పక్షవాతమువలన మాటపడిపోయినవాడు తాను జారుచున్నానని చెప్పలేడు. అతని ముఖము చూడుడు. శంక కలిగినచో వెంటనే పాన్పుపై దింపవలయును.

చెడిన యంత్రముపై వాడరాదని చీటికట్టి, లెక్కపుస్తకమున వ్రాసి, వేరొక గదిలో నుంచవలయును. చెడిన స్లింగునకది చాలదు. మూల పడవేసినచో, ఎవరో మాసినగుడ్డలలో గలిపి యుతికించి, మడతపెట్టి మరల బీరువాలో నుంచుదురు. పనికిరాదని తేల్చిన స్లింగు పట్టీలను అప్పుడే కత్తెరతో కత్తిరింపుడు.