ఒకే సినిమా, రెండు స్పందనలు

క్రీస్తుపూర్వం 480లో థర్మోపిలే కనుమ దగ్గర పర్షియా సేనను ఎదిరించిన స్పార్టా వీరుల కథ ‘300’. ఫ్రాంక్ మిల్లర్ బొమ్మల కథ ఆధారంగా జాక్ స్నైడర్ ఈ సినిమా తీశారు. 2007 మార్చిలో విడుదలైతే, అమెరికాలో తొలి వారాంతంలోనే వసూళ్లు 7 కోట్ల డాలర్లు దాటాయి. కంప్యూటర్‌తో సృష్టించిన నేపథ్యాలు, నెమ్మదించి ఒక్కసారిగా వేగం పుంజుకునే పోరాటాలు కుర్రకారును ఉర్రూతలూగించాయి. గ్రీసులోనూ జనం విరగబడి చూశారు. ఇరాన్‌లో మాత్రం ఆగ్రహం రగిలింది. తమ పూర్వీకులైన పర్షియన్లను రాక్షసుల్లా చూపారని నిరసించారు. ఆ బాధలో న్యాయముంది. చివరిదాకా స్పార్టన్ల పక్కనే నిలిచి ప్రాణాలిచ్చిన 700 మంది థెస్పియా నగర గ్రీకులకూ సినిమాలో చోటు దక్కలేదు. పోరాటాలను తెర మీద ఆస్వాదిద్దాం. చరిత్ర కోసం ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్‌ను చదువుదాం.