వెండి మీది నిప్పు మచ్చ

(స్వర్ణోత్సవ సభ రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవానికి పిలిచి వెండి గురించి మాట్లాడమన్నారు. మా బ్యాచ్‌లో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, అమెరికా నుంచి వచ్చినవాళ్ళున్నారు. అవుసల పని చేసేవాణ్ణి నేనొక్కణ్ణే. కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీ పని గురించి ఏదైనా చెప్పండి, పిల్లలకు పనికొచ్చేది" అన్నారు. నాకు వెంటనే గుర్తొచ్చింది ఈ గ్లాసు. నా మాట అయ్యేలోపు దీన్ని వరుసల్లో చేతికి చేతికి పంపుతాను. అందరూ చూడండి. పైనంతా ఊదా రంగు కలిసిన బూడిద మచ్చలు కనిపిస్తాయి. అడుగున రూపాయి బిళ్ళంత మేర మాత్రం తెల్లగా మెరుస్తుంది. నా కథంతా ఆ రెండింటి మధ్యనే ఉంది.

నేను ఈ బడిలో 1979లో పదో తరగతి పాసయ్యాను. తర్వాత బాపు దగ్గర కుంపటి ముందు కూర్చున్నాను. 1986లో మన సైన్స్ సార్ రిటైరయ్యారు. పాత విద్యార్థులు తలా కొంత వేసుకుని సార్‌కు వెండి గ్లాసు ఇద్దామన్నారు. పని నాకిచ్చారు. కూలి తీసుకోనన్నాను. బాపు తూకం దగ్గర నిలబడి, 100 పాళ్ళలో 92.5 పాళ్ళు వెండి, 7.5 పాళ్ళు రాగి కలిపించాడు. శుద్ధమైన వెండి మెత్తన, గ్లాసుకు ఆగదు. కాస్త రాగి కలవాల్సిందే. మన తాతలు దాచుకున్న పాత ఇంగ్లీషు రూపాయిలో కూడా 91.7 శాతమే వెండి.

రేకును కొట్టి గ్లాసు లేపాలంటే సుత్తి దెబ్బలకు లోహం బిగుసుకుంటుంది. బిగుసుకున్నప్పుడల్లా ఎర్రగా కాల్చి మెత్తబరచాలి. అట్లా పదీ పన్నెండుసార్లు కాల్చాను. చివరన అడుగుకు కట్టు అతికేటప్పుడు టంకం పారలేదని ఇంకో నాలుగుసార్లు. మెరుగు పెట్టాక చూస్తే మబ్బు నీడ పడ్డట్టు మచ్చలు. ఆకురాయి వేశాను, పోలేదు. ఆమ్లంలో వేశాను, పోలేదు. సన్మానం తెల్లవారే. అప్పుడు మా వాళ్ళందరికీ తెలిసిన ఉపాయమే చేశాను. గ్లాసును మళ్ళీ కాల్చి చింతపండు పులుసులో ఉడికించాను. ఒకటికి మూడుసార్లు చేస్తే పాలలాగా తెల్లబడింది. మరునాడు సభలో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆరు నెలలు కూడా కాలేదు. సార్ వాళ్ళింట్లో రోజూ తోముతుంటే తెలుపు అరిగి మచ్చలు బయటపడ్డాయి. ఎవరో చూసి "రాగి ఎక్కువ కలిపిండ్లు" అన్నారు. ఆ మాట ఊరంతా తిరిగి బాపు చెవిన పడింది. బాపు నన్ను ఒక్క మాట అనలేదు. వారం రోజులు దుకాణం తెరవలేదు, అంతే. అవుసలాయనకు మాట పోతే మిగిలేది సుత్తి ఒక్కటే.

ఎనిమిదో రోజు నేనే సార్ ఇంటికి పోయాను. సార్ గ్లాసు ముందర పెట్టి, "తప్పు తర్వాత చూద్దాం గాని, రాగిని కాలిస్తే ఏమవుతదిరా?" అన్నారు. "నల్లబడుతది సార్, కాపర్ ఆక్సైడ్" అన్నాను. "మరి అది ఆమ్లంలో కరుగుతది గదా. ఇది ఎందుకు కరుగలె?" నాకు తెలియదు. సార్ కాసేపు గ్లాసును తిప్పి చూసి, "అడుగున ఒకచోట రాయి పెట్టి గీకు" అన్నారు. గీకాను. మచ్చ పోయింది. కింద తెల్లని వెండి! "కల్తీ అయితే అట్టడుగు దాకా ఒకటే రంగుండాలె. ఇది తోలు మందాన ఉన్న మచ్చ" అన్నారు. ఆ మాట ఇంట్లో అందరి ముందర అన్నారు. పట్నంలో పరీక్ష చేయిస్తే తూకం ప్రకారమే వెండి ఉందని కూడా తేలింది. బాపు మళ్ళీ దుకాణం తెరిచాడు.

సార్ మాత్రం నన్ను వదల్లేదు. "ఇదే గ్లాసు మచ్చ లేకుండ చేసి తే. అప్పుడు దీన్ని నీకిస్త" అన్నారు. దానికి మూడేళ్ళు పట్టింది. హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాపులో పనికి కుదిరి నేర్చుకున్నాను. ఆ మూడేళ్ళలో నేర్చుకున్నది ఇప్పుడు మీకు చెప్తాను.

మొదట ఇది ఎందుకు వస్తుందో చెప్పాలి. ఇంగ్లీషులో దీన్ని ఫైర్‌స్టెయిన్ అంటారు, నేను నిప్పు మచ్చ అంటాను. వెండికి ఒక గుణముంది. వేడెక్కినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను తన లోపలికి రానిస్తుంది. ఆక్సిజన్ వెండితో కలవదు, దాని సందుల్లోంచి నడిచి రాగిని వెతుక్కుంటుంది. పైన దొరికిన రాగితో నల్లని క్యూప్రిక్ ఆక్సైడ్ అవుతుంది. అది ఆమ్లంలో కరిగిపోతుంది. లోపల దొరికిన రాగితో ఎర్రని క్యూప్రస్ ఆక్సైడ్ అవుతుంది. దాని చుట్టూ వెండి ఉంటుంది కాబట్టి ఆమ్లం అక్కడికి చేరదు. తెల్లని వెండిలో ఆ ఎరుపు కలిసి మన కంటికి ఊదాగా, బూడిదగా కనబడుతుంది. లోతు మిల్లీమీటరులో వందో వంతో, రెండు మూడు వందో వంతులో. ఎన్నిసార్లు కాలిస్తే, ఎంతసేపు కాలిస్తే అంత లోతుకు దిగుతుంది.

చింతపండు చేసిన పని కూడా ఇదే లెక్క. కాల్చినప్పుడు పైపొరలోని రాగి ఆక్సైడ్ అయింది, పులుసు దాన్ని కరిగించింది. పైన శుద్ధ వెండి పలచని పొరగా మిగిలింది. మచ్చ పోలేదు, దుప్పటి కప్పుకుంది. గూళ్ళున్న నగలకు, తాకిడి లేని దేవుడి సొమ్ములకు ఆ దుప్పటి చాలు. రోజూ తోమే గ్లాసుకు, కాళ్ళ పట్టీలకు చాలదు.

ఇక రాకుండా ఎట్లా ఆపాలి? వచ్చాక తీయడం కన్నా రాకుండా చూడడం పదింతలు తేలిక.

మొదటిది మంట. నేను కుర్రతనంలో సన్నని, చురుకైన మంటతో చాలాసేపు కాల్చేవాణ్ణి. అది తప్పు. పెద్ద మంట, మెత్తని మంట, గాలి తక్కువగా గ్యాస్ కాస్త ఎక్కువగా ఉన్న మంట కావాలి. వస్తువంతా ఆ మంట ఒడిలో ఉండాలి. కింద బొగ్గు దిమ్మ ఉంటే ఇంకా మంచిది. ఎర్రబడ్డ బొగ్గు చుట్టుపక్కల ఆక్సిజన్‌ను తానే తినేస్తుంది. మా తాతల కుంపటికి ఆ సుగుణం ఉండేది. ఊదుగొట్టం పోయి సిలిండర్ వచ్చాక బొగ్గును కూడా పారేశాం.

రెండోది ఎరుపు చూసే కన్ను. మెత్తబరచడానికి 600 నుంచి 650 డిగ్రీలు చాలు. అది నీడలో మాత్రమే కనిపించే మసక ఎరుపు. ఎండ పడే గుమ్మం దగ్గర కూర్చుంటే ఆ ఎరుపు కనబడక ఇంకా ఇంకా కాలుస్తాం. 92.5 వెండి 800 డిగ్రీలు దాటగానే కరగడం మొదలవుతుంది. అందుకే నా దుకాణంలో కాల్చే మూల చీకటిగా ఉంటుంది. వచ్చినవాళ్ళు లైటు వేయించమని సలహా ఇస్తుంటారు.

మూడోది పూత. ఇదే అసలైనది. మీరందరూ క్యారమ్ బోర్డు మీద చల్లిన బోరిక్ పౌడర్ గుర్తుందా? దాన్ని స్పిరిట్‌లో అడుగున కాస్త తెల్లగా మిగిలేదాకా కలపాలి. నూనె, చేతి చెమట లేకుండా శుభ్రం చేసిన వస్తువును అందులో ముంచి తీయాలి. సీసా మూత బిగించి దూరంగా జరిపాకే వస్తువుకు మంట చూపాలి. ఈ వరుస తప్పితే దుకాణం కాలుతుంది. స్పిరిట్ పచ్చని మంటతో కాలిపోయి తెల్లని బూడిదలాంటి పొర మిగులుతుంది. వేడికి అది గాజులా కరిగి వెండిని కప్పుతుంది. ఇక ఆక్సిజన్‌కు దారి ఉండదు.

స్పిరిట్ భయమున్నవాళ్ళకు నీళ్ళ పూత ఉంది. ప్రిప్స్ ఫ్లక్స్ అంటారు. లీటరు నీళ్ళకు 120 గ్రాముల బోరిక్ యాసిడ్, 80 గ్రాముల వెలిగారం, 80 గ్రాముల ట్రైసోడియం ఫాస్ఫేట్ వేసి మరిగించి కరిగించాలి. వస్తువును కొద్దిగా వేడిచేసి, దాని మీద చల్లి, మళ్ళీ వేడిచేసి, మళ్ళీ చల్లి తెల్లని పెచ్చు కట్టేదాకా చేయాలి. నేను ఇప్పుడు ఎక్కువగా ఇదే వాడుతున్నాను.

ఇక్కడ మూడు పొరపాట్లు జరుగుతాయి. మూడూ నేను చేసినవే. గ్లాసుకు బయట పూసి లోపల మరిచిపోవడం ఒకటి. ఆమ్లంలో వేస్తే పూత కూడా పోతుందని మరిచి, రెండోసారి ఉత్త వెండిని కాల్చడం రెండోది. అతుకు దగ్గర కూడా బోరిక్ పూతే చాలనుకోవడం మూడోది. టంకం పారాలంటే అతుకు మీద విడిగా వెలిగారం పెట్టాల్సిందే. బోరిక్ పొడి మందు కాదు, తిండి గిన్నెల దగ్గర ఉంచొద్దు. గర్భిణులు దాన్ని ముట్టుకోకపోవడం మంచిది. గాలి ఆడే చోటే కాల్చాలి. టంకంలో కాడ్మియం లేకుండా చూసుకోవాలి, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

నాలుగోది లెక్క. ఎన్నిసార్లు కాల్చాలో పని మొదలుపెట్టకముందే కాగితం మీద రాసుకోండి. నాలుగు అతుకులుంటే, వీలైనన్ని ఒకే మంటలో వేయండి. అతుకులు బాగా ఒరిసి కూర్చుంటే టంకం ఒక్కసారికే పారుతుంది. నా మొదటి గ్లాసులో కట్టు సరిగ్గా కూర్చోలేదు. అందుకే ఆ నాలుగు అదనపు మంటలు.

ఐదోది చల్లార్చడం. ఎరుపు పోయాక నీళ్ళలో వేసి, ఆ తర్వాతే గోరువెచ్చని సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేయాలి. ఎర్రటిది ఆమ్లంలో వేస్తే మొహాన చిమ్ముతుంది. ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలి గాని నీళ్ళను ఆమ్లంలో పోయొద్దని సార్ ల్యాబులో అరిచిన అరుపు నాకు ఇంకా వినిపిస్తుంది. ఇనుప పట్టకారు అందులో ముంచకండి, వెండి మీద రాగి పట్టి గులాబీ రంగు వస్తుంది.

ఆరోది చూసుకోవడం. మెరుగు పెట్టేముందే తెల్లకాగితం నీడ వస్తువులో పడేట్టు పట్టుకుని చూడండి. మచ్చ ఉంటే అక్కడ కాగితం మసకబారుతుంది. అప్పుడే రాయితో తీసేయండి. నగిషీ చెక్కాక తీయాలంటే నగిషీ కూడా పోతుంది.

మన కరీంనగర్ ఫిలిగ్రీ వాళ్ళకు ఈ బాధ తక్కువ. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనిలో తీగ దాదాపు శుద్ధ వెండి. రాగి లేనిచోట మచ్చకు ఏముంది? లండన్‌లోని మిడిల్‌సెక్స్ యూనివర్సిటీలో పీటర్ జాన్స్ అనే ఆయన 1990లలో రాగిలో కొంత తగ్గించి జర్మేనియం కలిపి ఆర్జెంటియం అనే వెండిని తయారుచేశారు. అందులో జర్మేనియం ముందుగా ఆక్సిజన్‌ను పట్టుకుని పైన కాపలా పొర కడుతుంది. మంచి లోహమే. కానీ ఎర్రగా ఉన్నప్పుడు కదిలిస్తే విరుగుతుంది. కొత్త లోహం వచ్చినా కొత్త ఓపిక నేర్చుకోవాల్సిందే.

1989లో రెండో గ్లాసు తీసుకుపోయాను. సార్ తెల్లకాగితం తెప్పించి, చుట్టూ తిప్పి చూశారు. ఏమీ అనలేదు. లోపలికి పోయి పాతది తెచ్చి నా చేతిలో పెట్టారు. దాన్ని కరిగించి మళ్ళీ చేయొచ్చు. వెండికి వెండి అక్కరకొస్తుంది. ఇంట్లో చాలాసార్లు అన్నారు కూడా. నేను కరిగించలేదు. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి పిల్లవాడికీ మొదటి రోజు దీన్నే చూపించాను. చింతపండు కథ కూడా దాచకుండా చెప్పాను. ఆ సన్మానం రోజు సార్‌తో "మచ్చ పడింది సార్, రెండు రోజులు ఆగండి" అని ఒక్క మాట అని ఉంటే బాపు ఆ వారం దుకాణం మూసేవాడు కాదు. వెండి చేసిన తప్పు మూడేళ్ళలో దిద్దుకున్నాను. ఇది మాత్రం దిద్దుకునేది కాదు, చెప్పుకునేది.

ఇప్పుడు దుకాణం మా అబ్బాయి చూస్తున్నాడు. కాబట్టి ఈ గ్లాసును మన బడి సైన్స్ ల్యాబుకు ఇస్తున్నాను. హెడ్మాస్టర్ గారు ఒప్పుకున్నారు. ఒక్కటే కోరిక. దయచేసి దీన్ని అలమారలో పెట్టి తాళం వేయకండి. లోహాల పాఠం వచ్చిన రోజు పిల్లల చేతికివ్వండి. "ఇది ఆమ్లంలో ఎందుకు కరుగలె?" అని అడగండి. జవాబు ముందే చెప్పొద్దు. పట్టీలు, మెట్టెలు చేయడం నేర్చుకోవాలనుకునే పిల్లలుంటే సెలవుల్లో మా దుకాణానికి పంపండి. ఫీజు లేదు. చీకటి మూలలో కూర్చునే ఓపిక ఉంటే చాలు.

 గ్లాసు ఎవరి దగ్గరుందో కాస్త ముందుకు పంపండి.