మోకాలు, భుజం: ఏ చికిత్స ఎవరికి?

(సిబ్బంది కుటుంబాల ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను. ఇరవై ఏళ్లుగా లోను దరఖాస్తులు చదువుతున్న బ్యాంకు ఆఫీసర్ని. గత మూడేళ్లలో మా ఇంట్లో ఒక మోకాలు, ఒక భుజం, మళ్లీ ఇంకో మోకాలు దెబ్బతిన్నాయి. వాటి వల్ల నేర్చుకున్నదీ, ఒకచోట నేను చేసిన పొరపాటూ మీతో చెప్పుకోవాలని వచ్చాను.

మొదటి మోకాలు నాదే. ఎక్కడా పడలేదు. మెట్లు దిగుతుంటే లోపల పోటు మొదలైంది. ఎమ్మారై తీయిస్తే మెనిస్కస్ చిరిగిందన్నారు. తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య నెలవంకలా ఉండే మెత్త అది. కీహోల్ ఆపరేషన్ చేసి చిరిగిన ముక్క తీసేద్దామన్నారు డాక్టరుగారు. బీమా ఉంది కదా అన్న ధీమాతో సెలవు చీటీ కూడా రాసేశాను. మా ఆవిడ మాత్రం, "లోను ఇవ్వడానికే ఇద్దరి సంతకాలు కావాలంటారు కదండీ, మోకాలికి అక్కర్లేదా? ఇంకొకరికి చూపించండి" అంది.

రెండో డాక్టరుగారు ఫిల్ము చూసి, నడిపించి చూసి, ఒక మాటన్నారు: "ఈ వయసులో ఇలాంటి చిరుగుకి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో చాలామందికి తగ్గుతుంది. చేయించుకోకుండా వ్యాయామం చేసినవాళ్లలోనూ చాలామందికి తగ్గుతుంది."

ఆ మాట నాకు వెంటనే ఎక్కింది. ఒక బ్రాంచి మేనేజరు, "మేము ఫోన్లు చేసిన నూరు మందిలో ఎనభై మంది వాయిదా కట్టేశారు" అంటే మనం చప్పట్లు కొట్టం. "ఫోన్లు చేయకపోతే ఎంతమంది కట్టేవారు?" అని అడుగుతాం. చికిత్సకూ అదే ప్రశ్న వెయ్యాలి. ఫలానావారికి తగ్గింది అంటే సరిపోదు. దేనితో పోల్చి చూస్తే తగ్గింది?

ఆ పోలిక కోసం కొందరు సర్జన్లు సాహసమే చేశారు. 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో, అరిగిన మోకాళ్లున్న 180 మందిని మూడు గుంపులు చేశారు. రెండు గుంపులకు కీలు లోపల కడగడం, శుభ్రం చేయడం వంటి నిజమైన ఆపరేషన్లు. మూడో గుంపుకి చర్మం మీద గాట్లు పెట్టి కుట్టేశారు, అంతే. రోగులు ముందే ఒప్పుకున్నారు గానీ, తమకు ఏది జరిగిందో వాళ్లకు తెలియదు. రెండేళ్ల తర్వాత చూస్తే నొప్పిలో తేడా లేదు. 2013లో ఫిన్లాండ్‌లో నాలాంటి మెనిస్కస్ చిరుగు ఉన్న 146 మందిపై ఇలాగే చేశారు. ఏడాది తర్వాత అక్కడా తేడా కనబడలేదు.

భుజం సంగతీ చూడండి. చెయ్యి పైకెత్తితే పైన ఎముకకు రాసుకుని నొప్పి వస్తోందని, ఆ ఎముకను కాస్త చెక్కే ఆపరేషన్ ఉంది. బ్రిటన్‌లో 313 మంది మీద జరిపిన పరీక్ష ఫలితం 2018లో వచ్చింది. చెక్కినవారికీ, లోపలికి కెమెరా పెట్టి చూసి వదిలేసినవారికీ ఆరు నెలల తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు.

మా ఆవిడ భుజం మాత్రం వేరే రకం. జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోవడం లేదంది. భుజం పట్టేసింది. షుగరు ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ, ఆమెకూ ఉంది. బ్రిటన్‌లోనే 2020లో ఇలాంటి 503 మందికి మూడు దారులు పోల్చారు: మత్తిచ్చి చెయ్యి కదిలించడం, కీహోల్ ఆపరేషన్, ఇంజెక్షన్‌తో పాటు క్రమబద్ధమైన ఫిజియోథెరపీ. ఏడాదికి మూడు గుంపులూ దాదాపు ఒకే చోటికి చేరాయి. మేం మూడో దారి పట్టాం. నా మోకాలు నాలుగు నెలల్లో, ఆమె భుజం ఏడాదిలో దారికొచ్చాయి.

ఇక్కడితో ఆపితే నేను గొప్పవాణ్ణి. అసలు కథ ఇప్పుడుంది.

మా అక్క కొడుక్కి ఇరవై రెండేళ్లు. కబడ్డీ ఆడుతుంటే మోకాలు మెలిపడి ముందు లిగమెంట్ తెగింది. అక్క ఫోన్ చేసి, "తమ్ముడూ, నువ్వు చాలా చదివావు కదా, ఏం చేద్దాం?" అంది. నేను స్వీడన్ పరీక్ష గురించి చెప్పాను. 2010లో వెలువడిన ఆ పరీక్షలో, ముందు వ్యాయామంతో మొదలుపెట్టిన 59 మందిలో 36 మందికి రెండేళ్లలో ఈ ఆపరేషన్ అవసరం రాలేదు. "తొందరపడొద్దు" అన్నాను.

నేను చెప్పనిది రెండో సగం. మిగిలిన 23 మంది ఆపరేషన్‌కే వెళ్లారు. పైగా అక్కడ వ్యాయామం అంటే నిపుణుల కళ్లెదుట నెలల తరబడి చేసేది. మావాడు పది రోజులు చేసి మానేశాడు. "మామయ్యా, మెట్లమీద మోకాలు పక్కకి జారిపోతోంది" అని రెండుసార్లు చెప్పాడు. నేను "ఓపిక పట్టరా" అన్నాను. ఎనిమిది నెలల తర్వాత చూస్తే మెనిస్కస్ కూడా చిరిగి ఉంది. మోకాలు అలా జారుతూనే ఉన్నవారికి ఫిజియోథెరపీ కన్నా ఆపరేషనే మేలని 2022లో బ్రిటన్‌లో 316 మందిపై జరిపిన పరీక్ష తేల్చింది. అది నేను ఆలస్యంగా చదివాను.

ఇప్పుడు వాడు బాగానే నడుస్తున్నాడు. కబడ్డీ మాత్రం మానేశాడు. అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

నా మోకాలికి పనికొచ్చిన లెక్కను వాడి మోకాలికి వేశాను. అరుగుదల వేరు, ఆటలో తెగడం వేరు. నలభై అయిదు వేరు, ఇరవై రెండు వేరు. ఒక ఖాతా బ్యాలెన్సు చూసి ఇంకో ఖాతా చెక్కు పాస్ చేయం కదా!

అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. నా నొప్పికి కారణం ఫిల్ములో కనబడేదేనా, వయసుతో అందరికీ వచ్చేదా? నా వయసు, నా పని ఉన్నవారిలో ఆపరేషన్‌తోనూ, లేకుండానూ ఫలితం ఎలా ఉంటుంది? వ్యాయామం ఎన్ని నెలలు, ఎవరి దగ్గర చెయ్యాలి? ఏ గుర్తు కనబడితే వెంటనే మీ దగ్గరికి రావాలి?

ఆ చివరి ప్రశ్న మరిచిపోకండి. మోకాలు మడతలో ఇరుక్కుని చాపలేకపోయినా, పడ్డాక చెయ్యి పైకి లేవకపోయినా, భుజం జారినా, కీలు వాచి జ్వరం వచ్చినా ఆగకండి. అది వ్యాయామాలతో సరిపెట్టుకునే సమయం కాదు.

ఇంట్లో ఎవరైనా "నీకు తెలుసు కదా, చెప్పు" అని అడిగితే, నాలాగా సలహా ఇవ్వకండి. వాళ్లతో పాటు డాక్టరు దగ్గరికి వెళ్లి కూర్చోండి.