శిలాజాల ఇంటిపేర్లు



ఈ ఏటి ఉపన్యాసానికి శిలాజాల నామకరణాన్ని విషయంగా ఎంచుకున్నాను. శిలాజ జీవికి పెట్టే శాస్త్రీయ నామంలో మొదటి సగం దాని వంశం గురించి మనం చేసే ప్రతిపాదన. ప్రతిపాదన వీగిపోతే పేరూ మారుతుంది. అది శాస్త్రానికి నామోషీ కాదన్నదే నా మనవి.

లినేయస్ 1758లో తనకు తెలిసిన జంతువులన్నిటికీ రెండేసి మాటల పేర్లు పెట్టారు. ముందు ప్రజాతి, తరవాత జాతి. మన ఇంటిపేరులాగే ప్రజాతి ముందుంటుంది, దత్తత పోయినవాడి ఇంటిపేరులాగే మారుతుంది కూడా. లినేయస్ పోలికలు చూసి ప్రజాతులను కూర్చారు. ఆ పోలికలకు మూలం ఉమ్మడి పూర్వీకులేనని 1859లో డార్విన్ వాదించాక, రెండు జీవులను ఒకే ప్రజాతిలో చేర్చడమంటే వాటికి దగ్గరి చుట్టరికం కలపడమే అయింది.

చుట్టరికం తప్పితే ఏమవుతుందో శివాలిక్ కొండల శిలాజాలు చెబుతాయి. 1910లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన గై పిల్‌గ్రిమ్ అక్కడి ఒక వానరానికి శివాపిథెకస్ అని పేరు పెట్టారు. 1932లో, ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని హరితల్యాంగర్ దగ్గర, యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఎడ్వర్డ్ లూయిస్‌కు ఒక పైదవడ ముక్క దొరికింది. అది మనిషి దవడను పోలి ఉందని భావించి, 1934లో రామాపిథెకస్ అనే కొత్త ప్రజాతిని ప్రకటించారు. 1961లో ఎల్విన్ సైమన్స్ అదే ముక్కను తిరిగి పరిశీలించి మానవ వంశంలో నిలబెట్టారు. డేవిడ్ పిల్‌బీమ్ ఆయనతో గొంతు కలిపారు. చిన్న కోరపన్ను, పొట్టి ముఖం, పళ్లపై మందమైన ఎనామెల్ వారి ఆధారాలు. దవడలో దొరకని భాగాన్ని ఊహతో పూరించి, పళ్లవరుస మనిషికి ఉన్నట్టే విల్లులా వంగి ఉంటుందన్నారు. తుంటి ఎముక లేదు, కాలి ఎముక లేదు. అయినా మనిషి తొలి పూర్వీకుడిగా రామాపిథెకస్ పాఠ్యపుస్తకాలకెక్కింది.

మొదటి దెబ్బ ఎముకల నుంచి కాదు, రక్తం నుంచి వచ్చింది. 1967లో విన్సెంట్ సారిచ్, ఆలన్ విల్సన్ రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్‌ను పోల్చి, మనిషీ ఆఫ్రికా వానరాలూ విడిపోయి సుమారు 50 లక్షల ఏళ్లే అయిందన్నారు. అప్పటి లెక్క ప్రకారం రామాపిథెకస్ వయసు అంతకు రెట్టింపును మించి ఉంది. వంశం చీలకముందే పుట్టినది ఆ చీలికలో ఒక పాయకే చెందడం కుదరదు. శిలాజ శాస్త్రవేత్తలు చాలాకాలం ఒప్పుకోలేదు.

చివరకు పాకిస్తాన్‌లోని పోట్వార్ పీఠభూమిలో శివాపిథెకస్ ముఖభాగం బయటపడింది. 1982లో దాన్ని వర్ణించింది పిల్‌బీమే. కళ్ల మధ్య ఇరుకు, నిలువుగా సాగిన కంటి గుంతలు, నునుపైన ముక్కు అడుగు: అన్నీ ఒరాంగుటాన్ పోలికలే. రామాపిథెకస్ అన్నవి కూడా శివాపిథెకస్‌లే అని తేలింది. రెండు పేర్లు ఒకే ప్రజాతివైతే ముందు పుట్టిన పేరే చెల్లాలని నామకరణ నియమావళి చెబుతుంది. 1934 కన్నా 1910 ముందుది. అలా రామాపిథెకస్ చెల్లని పేరైంది.

ఇక్కడ నియమావళి పాత్రను సరిగా చూడాలి. ఎవరు ఎవరికి చుట్టమో అది తీర్పు చెప్పదు. ప్రతి జాతి పేరునూ ఒక ఆధార నమూనాకు కట్టి ఉంచుతుంది, అంతే. లూయిస్ దవడ అలాగే ఉంది. దాన్ని ఏ ప్రజాతి కింద రాయాలన్నది వంశం గురించిన మన అవగాహనను బట్టి మారుతుంది. ఆ అవగాహనా ముగిసిపోలేదు. 1990లో వర్ణించిన శివాపిథెకస్ చేతి ఎముకలు ఒరాంగుటాన్‌ను పోలలేదు. ముఖం ఒక మాట, చెయ్యి ఇంకో మాట చెబుతున్నాయి.

ఇంతకన్నా లోతైన చిక్కు పూర్వీకుడిదే. ఒక ప్రజాతిలో పూర్వీకుడితో పాటు అతని సంతతి అంతా ఉండాలని జర్మన్ కీటక శాస్త్రవేత్త విల్లీ హెన్నిగ్ మార్గంలో నడిచేవారి పట్టు. ఆఫ్రికా శిలాజ ప్రజాతి ఆస్ట్రలోపిథెకస్ నుంచే మన ప్రజాతి హోమో పుట్టిందని చాలామంది నమ్మకం. అదే నిజమైతే, ఆ పట్టు ప్రకారం మనల్ని వదిలేసిన ఆస్ట్రలోపిథెకస్ అసంపూర్ణ కుటుంబం. అయినా ఆ పేరు లేకుండా ఎవరికీ పని గడవదు.

మన గోదావరి-ప్రాణహిత లోయలోని కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అనే డైనోసార్‌కు పేరు మారే బెడద తక్కువ. 1988లో యాదగిరి పెట్టిన పేరది. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. సారోపాడ్ డైనోసార్ల వంశవృక్షంలో దాని చోటు గురించి చర్చ నడిచినా పేరు కదలలేదు. ఆ ప్రజాతిలో ఉన్నది ఒకే జాతి. ఎవరితోనూ చుట్టరికం కలపని పేరుకు వీగిపోయే ప్రమాదమూ తక్కువే.

పేరు మారినప్పుడు పాత వాదన చెరిగిపోదు. జావాలో 1891లో దొరికిన పుర్రె పైభాగానికి యూజీన్ డ్యుబ్వా 1894లో పిథెకాంథ్రోపస్ ఎరెక్టస్ అన్న పేరు ఖాయం చేశారు. 1950లో ఎర్న్‌స్ట్ మైర్ దాన్ని హోమోలోకి తెచ్చారు. రామాపిథెకస్ మన వంశం నుంచి బయటికి పోతే, ఇది లోపలికొచ్చింది. ఎరెక్టస్ అన్న రెండో మాట నిలిచింది. ప్రజాతి మారినప్పుడు మొదట జాతికి పేరు పెట్టినవారి పేరును కుండలీకరణాల్లో రాయాలన్నది నియమం. అందుకే హోమో ఎరెక్టస్ పక్కన డ్యుబ్వా కుండలీకరణాల్లో కనిపిస్తారు. ఆ రెండు గీతలను మన విద్యార్థులకు చదవడం నేర్పితే, పేర్ల జాబితా బట్టీ పట్టాల్సిన పని సగం తగ్గి, ఆ పేరు ఎందుకు మారిందన్న ప్రశ్న మొదలవుతుంది.