మా కుంచె, మన అక్షరాలు
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ పరాభవ నామ సంవత్సరాది శుభాకాంక్షలు. పేరు చూసి జంకవలసిన పని లేదు. 1966లోనూ ఈ పేరే వచ్చింది. ఆ యేడు పుట్టినవారు ఇప్పుడు షష్టిపూర్తికి సిద్ధమవుతున్నారు. వారిలో కొందరు ఈ సభలోనే కూర్చుని నవ్వుతున్నారు కూడా.

మా పని ఏమిటో, దాన్ని ఎలా చేస్తామో నాలుగు మాటల్లో చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మేము ఏ కంపెనీలోనూ ఉద్యోగులము కాము. ఎవరు పిలిచి పని ఇస్తే వారికి బొమ్మ వేసి, అక్షరం రాసి, కూలి పుచ్చుకునేవారము. దీనినే ఇప్పుడు ఫ్రీలాన్సు గ్రాఫిక్ ఆర్టిస్టు అంటున్నారు. మా నాయన చింతామణిలో అంగళ్లకు బోర్డులు రాసేవారు. సుద్ద పూసిన దారం లాగి గీత కొట్టి, ఎనామిల్ రంగుతో అక్షరం దించేవారు. మాకు కుంచె బదులు కంప్యూటరు వచ్చింది, పేరు పెద్దదయింది, పని మాత్రం అదే.

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలు 2007 వరకు కోలారు జిల్లాలో ఉండేవి. ఆ తరువాత చిక్కబళ్లాపురమే జిల్లా అయింది. మా పల్లెల్లో ఎన్నో ఇళ్లలో మాట తెలుగు, బడిలో పాఠం కన్నడం. కైవారం తాతయ్యగా ప్రసిద్ధులైన యోగి నారేయణులు మా చింతామణి తాలూకా వారే. వారు రెండు భాషల్లోనూ తత్వాలు చెప్పారు. మాకు రెండూ సొంతమే. అయితే ఒక చిక్కున్నది. మేము తెలుగు మాట్లాడుతూ పెరిగినా, తెలుగు అక్షరం దిద్దినది మా 22వ యేట. అంతవరకు అమ్మకు రాసిన ఉత్తరాలన్నీ కన్నడ లిపిలో రాసిన తెలుగే.

ఆలస్యంగా నేర్చినందువల్ల ఒక లాభం కూడా కలిగింది. రెండు లిపులనూ పక్కపక్కన పెట్టి చూసే అలవాటు పడింది. పూర్వం రెండింటికీ లిపి ఒక్కటే గదా! ఇప్పటికీ గ, ద, ర, ల మొదలైనవి తోబుట్టువుల్లా కనిపిస్తాయి. క, త, శ దగ్గరికి వచ్చేసరికి దారులు చీలుతాయి. తెలుగు తలకట్టు టిక్కు పెట్టినట్లు పైకి లేస్తుంది. కన్నడ తలకట్టు అడ్డంగా సాగి కొసన వంగుతుంది. ఒకే బోర్డు మీద రెండూ రాసేటప్పుడు ఈ తేడా తెలియకపోతే ఒకటి పెద్దగాను, మరొకటి నలిగినట్లుగాను కనిపిస్తుంది.

ఇక ఈ మధ్య చేసిన పనులు మూడు చెబుతాము.

మొదటిది చింతామణిలో ఒక బట్టల అంగడి బోర్డు. 2024లో సవరించిన చట్టం ప్రకారం కర్ణాటకలో బోర్డు మీద 60 శాతం కన్నడం ఉండాలి, అదీ పైభాగంలో ఉండాలి. యజమాని మాత్రం, "సరిహద్దు అవతలి నుంచి వచ్చే బేరగాళ్లకు తెలుగు కూడా కనబడాలప్పా" అన్నారు. మిగిలిన 40 పాళ్లలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఇమడాలి. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి గనుక చోటు పిసరంత తగ్గినా ఊపిరాడదు. మేము మొదట నలుపు ఒక్కటే వాడి, కాగితం మీద పెన్సిలుతో పదిపన్నెండు రకాలుగా గీశాము. నచ్చినదాన్ని గోడకు అంటించి, వీధి అవతలికి పోయి చూశాము. దూరం నుంచి చదవగలిగిన తరువాతనే రంగు. రంగు ముందు వేస్తే కన్ను మోసపోతుంది. ఇది మా నాయన చెప్పిన మాట.

బోర్డుల మాట వచ్చింది గనుక ఒక ముచ్చట. 2025 జూలైలో నంది కొండ మీద జరిగిన కర్ణాటక మంత్రివర్గ సమావేశంలో బాగేపల్లికి భాగ్యనగరమని పేరు పెట్టాలని నిర్ణయించారు. మంచిచెడ్డలు పెద్దలు చెప్పాలి. మాకు మాత్రం నాయన కత్తిరించి పెట్టిన "బాగేపల్లి" అట్ట అచ్చు అటక మీద జ్ఞాపకం వచ్చింది. దాన్ని దింపి, దుమ్ము దులిపి, మళ్లీ అక్కడే పెట్టాము.

రెండవది ఒక పెళ్లిపత్రిక. పెళ్లికూతురిది బాగేపల్లి, పెళ్లికొడుకుది హిందూపురం. ఒక వైపు కన్నడం, ఒక వైపు తెలుగు. తెలుగు వైపు అనగానే బాపుగారి దస్తూరీ కావాలన్నారు. 2014లో ఆయన మనల్ని విడిచిపోయినా ఆయన చేతిరాత కంప్యూటరు అచ్చుగా మారి పెళ్లిళ్లన్నింటికీ వస్తూనే ఉన్నది. అంచుకు లేపాక్షి మండపం కప్పు మీది చిత్రాలలో చీరల అంచులు చూసి వచ్చి గీశాము. అంతా బాగుందనుకున్నాము. తీరా 400 పత్రికలు అచ్చయ్యాక చూస్తే, తెలుగు వైపు ఒత్తులన్నీ విడిపోయి పక్కన నిలబడి ఉన్నాయి. "శ్రీ" ముక్కలయింది. మా యంత్రంలో భారతీయ లిపులకు పెట్టవలసిన ఏర్పాటు పెట్టకపోవడం, ప్రూఫులో కన్నడం వైపు మాత్రమే చూసి సరే అనడం, రెండూ మా తప్పులే. సొంత ఖర్చుతో మళ్లీ వేయించి ఇచ్చాము. ఆనాటి నుంచి ప్రతి ప్రూఫునూ పైకి చదివించి విన్న తరువాతనే అచ్చుకు పంపుతున్నాము.

మూడవది మాకు అన్నింటికన్నా ముఖ్యమైనది. చిక్కబళ్లాపురం దగ్గర పల్లెలో ఒక కుటుంబంవారు, తమ అవ్వ పాడే పెళ్లిపాటలను చిన్న పుస్తకంగా వేసి పెళ్లిలో పంచాలన్నారు. నోటుపుస్తకం చేతికిచ్చారు. పాటలు తెలుగు, రాత కన్నడం. ఏ లిపిలో వేయాలి? ఇంటి పిల్లలకు తెలుగు అక్షరం రాదు, ఆంధ్ర నుంచి వచ్చే చుట్టాలకు కన్నడం రాదు. ఎదురెదురు పుటల్లో రెండు లిపులూ వేసి, పంక్తికి పంక్తి సరిపోయేటట్లు కూర్చాము.

అయితే ఇక్కడ మరొక తప్పు చేశాము. కొత్తగా తెలుగు నేర్చినవారి ఉత్సాహం చూడండి! "ఆడ" అన్నచోట "అక్కడ" అని, "ఉండాది" అన్నచోట "ఉన్నది" అని దిద్ది, పుస్తక భాష చేశాము. ఎనభై దాటిన ఆ అవ్వకు చదివి వినిపిస్తే, రెండు పంక్తులు పాడబోయి ఆగిపోయింది. "తాళం తప్పతాండాది నాయనా. ఇది నా పాట కాదు" అన్నది. నిజమే! "ఆడ"కు మూడు మాత్రలు, "అక్కడ"కు నాలుగు. లెక్క మేము తరువాత కట్టుకున్నాము. అవ్వ చెవికి ముందే తెలిసింది. దిద్దినవన్నీ తీసేసి, ఆమె నోటి మాట ఉన్నది ఉన్నట్లు వేశాము.

పెళ్లినాడు ఆ ఇంటి మనుమరాలు కన్నడ పుట చూస్తూ, హిందూపురం నుంచి వచ్చిన పిన్నమ్మ తెలుగు పుట చూస్తూ, ఒకే పాట కలిసి పాడారు. మధ్యలో అవ్వ పుస్తకం చూడకుండా పాడింది. మనుమరాలు "చుక్క"లోని చకారాన్ని బడిలో నేర్చినట్లు పలికితే, అవ్వ ఆపి, ఇంటి చకారం పలికించింది. ఆ తేడా చూపే గుర్తు మేము వేసిన రెండు పుటల్లోనూ లేదు. దాన్ని నోటినుంచి నోటికే అందించాలి.

ఊరు విడిచి వచ్చిన మనకు ఇందులో పని ఉన్నదని మనవి. మీ ఇంట్లోనూ పెద్దల నోటుపుస్తకం ఒకటి పెట్టె అడుగున ఉండవచ్చు. అది ఏ లిపిలో ఉన్నా సరే, తీయండి. మాట దిద్దవద్దు. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, పైకి చదివి, తెలుగులో ఒక పుట రాయించండి. అక్షరాలు వంకరపోయినా చింత లేదు. మావీ వంకరగానే మొదలైనవి. వచ్చే ఉగాదికి ఆ పుటలు తెచ్చి ఇస్తే, వాటికి అంచు గీసి, పుస్తకంగా కూర్చే పూచీ మాది. కూలి అక్కరలేదు, పచ్చడి పెడితే చాలు.