రాత్రి డ్యూటీ చేసేవారి బరువు – ఇంట్లోవారికి కొన్ని మాటలు

మీ ఇంట్లో రాత్రి డ్యూటీ చేసేవారు ఉన్నారా? భూపాలపల్లి బొగ్గు గనులు, చెల్పూరు కరెంటు ప్లాంటు, మహబూబాబాద్ జిల్లా డోర్నకల్ జంక్షన్, జనగామ బస్సు డిపో – మన చుట్టుపక్కల ఊరు పడుకున్నాక పనిచేసేవారు చాలామంది. ఈరోజు నేను మాట్లాడేది వారితో కాదు, వారికి సద్ది కట్టి పంపే మీతో.

ఓపీలో డాక్టరుగారు "బరువు తగ్గాలి" అనగానే పక్కనున్న ఇల్లాలు, "తినేది ఇంతే సార్, ఎట్ల లావైతుండో తెలుస్తలేదు" అంటుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఇంట్లో ఆమె కళ్లముందు తినేది అంతే.

ఒక్కరోజు లెక్క వేసి చూడండి. రాత్రి తొమ్మిదికి పిల్లలతో కలిసి అన్నం. రెండు గంటలకు డబ్బాలో మళ్లీ అన్నం. నిద్ర ఆపుకోవడానికి నాలుగు చాయ్‌లు. ఒక్కోదాంట్లో రెండు చెంచాలైతే ఎనిమిది చెంచాల చక్కెర. డ్యూటీ దిగాక బండి దగ్గర మిర్చీలు. ఇంటికి రాగానే మీరు పెట్టే ఉప్మా. మధ్యాహ్నం నిద్ర లేపి ఇంకోసారి అన్నం. పగలు పనిచేసేవారి భోజనాలూ, రాత్రి పనిచేసేవారి భోజనాలూ రెండూ ఒక్క మనిషే తింటున్నాడన్నమాట!

దీనికి తోడు మన ఒంట్లో ఒక గడియారం ఉంది. అది ఎలా నడుస్తుందో ఈగల మీద పరిశోధించి కనుగొన్నందుకే హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. రాత్రివేళ ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అందుకే పగలు తిన్న అన్నమే అర్ధరాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది. నిద్ర చాలకపోతే ఆకలి కూడా పెరుగుతుంది. అప్పుడు మనసు పోయేది తీపి మీదికి, నూనె వంటల మీదికి.

నేనూ ఏళ్ల తరబడి నైటు డ్యూటీ చేసిన నర్సునే. వార్డులో పేషెంట్ల బంధువులు తెచ్చిన స్వీట్లు తెల్లవారేసరికి ఎలా ఖాళీ అవుతాయో నాకు తెలుసు.

అసలు భోజనం డ్యూటీకి ముందే, ఎనిమిది లోపల పెట్టండి. అన్నం కొంత తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచండి. జొన్నరొట్టె అలవాటున్నవారికి అదే మంచిది. డబ్బాలో అన్నానికి బదులు ఉడికించిన శనగలు, మజ్జిగ, ఒక జామకాయ పెట్టండి. చాయ్ మానమంటే ఎవరూ మానరు. చక్కెర సగం చేయమనండి, మూడు దాటాక తాగవద్దనండి. పొద్దున ఇంటికి వచ్చాక కొద్దిగా ఏదైనా తిని పడుకోనివ్వండి.

ఇక నిద్ర. ఇది పూర్తిగా మీ చేతిలోనే ఉంది. కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి, ఫోను వేరే గదిలో పెట్టండి. బ్యాంకు పని ఉందనో, చుట్టాలు వచ్చారనో లేపకండి. అర్ధరాత్రి రెండింటికి మిమ్మల్ని లేపి బ్యాంకుకు రమ్మంటే ఎలా ఉంటుంది? ఒకేసారి ఏడు గంటలు కుదరకపోతే, పొద్దున ఐదు గంటలు, డ్యూటీకి ముందు సాయంత్రం రెండు గంటలు పడుకున్నా మేలే. లేచాక అరగంట నడిస్తే చాలు.

దర్జీ టేపుతో నడుము కొలవండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. పది కిలోలు ఒకేసారి తగ్గాలని పట్టుబట్టకండి. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా బి.పి., షుగరులో తేడా కనబడుతుంది. నెలకు ఒకటి రెండు కిలోలు చాలు.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా తిండి మానడం, మందుల వేళ మార్చడం చేయకూడదు. డ్యూటీలో, బండి నడుపుతూ షుగరు పడిపోతే ప్రాణానికే ముప్పు.

చివరగా ఒక్క సంగతి. ఆయన పెద్దగా గురక పెడుతూ, మధ్యలో శ్వాస ఆగి, ఉలిక్కిపడి మళ్లీ పీలుస్తున్నారా? అది పడుకున్న మనిషికి తెలియదు, చూసే మీకే తెలుస్తుంది. అలాంటివారు స్టీరింగు ముందు కూడా కునుకు తీస్తారు. వచ్చేసారి ఓపీకి వచ్చినప్పుడు మీరు కూడా లోపలికి వచ్చి ఆ మాట డాక్టరుతో చెప్పండి.